రోముకు కట్టిన మూట

మా పెళ్లయిన మూడో ఏడు మేం ఇటలీ పోయాం. ఈ మాట అంటే ఎవరైనా ముందు నవ్వుతారు. మెదక్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లకు ఇటలీ ఏమిటని. పోయాం మరి. విమానంలోనే పోయాం. ఎలా పోయామో చెబితే ఆ నవ్వు దానంతటదే ఆగిపోతుంది.

మా ఆయన బొంబాయిలో ఒక విమానాల కంపెనీలో పనిచేసేవారు. విమానం నడిపే పని కాదు, స్టోరులో గుమాస్తా. దుప్పట్లు, కప్పులు, మరలు, బోల్టులు ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అని చూసే పని. అక్కడ చాల్ అనే వరసగదుల మేడలో మరికొందరు మగవాళ్లతో కలిసి ఒకే గదిలో ఉండేవారు. నేను మెదక్‌లో, పెద్ద చర్చి వెనక గల్లీలో, అత్తమామల దగ్గర. రెండు నెలలకోసారి ఆయన వచ్చేవారు. వచ్చిన రోజు స్నేహితులు, పోయే రోజు బట్టలు సర్దుకోవడం. మధ్యలో నాకు మిగిలింది ఎంతో మీరే ఊహించుకోండి.

ఆ మిగిలిన దాంట్లో కూడా మేం మాట్లాడుకున్నది లేదు. ముందు గదిలో మామయ్య మంచం. వెనక గది మాది. మధ్యలో తలుపు ఉండాల్సిన చోట పాత చీర పరదా. ఆ పరదాకు ఆనుకునే అత్తమ్మ పక్క. నేను గొంతు తగ్గించి "ఒక మాట చెప్పాలె" అంటానో లేదో, పరదా అవతల నుంచి "బిడ్డా, నీళ్ల బిందె మీద మూత పెట్టినవా" అని వినిపించేది. పెట్టిన అత్తమ్మా అంటే, "పాలు తోడేసినవా" అని. అదీ అయ్యాక "పిల్లి వచ్చినట్టున్నది, జర చూడు" అని. ఆ పిల్లిని మూడేళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు.

ఉత్తరం రాసుకోవచ్చు కదా అంటారేమో. మా ఆయన ఉత్తరాలన్నీ మామయ్య పేరు మీదే వచ్చేవి. మామయ్య తహసీల్ కచేరీలో గిర్దావరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏ కాగితమైనా గట్టిగా చదివితేనే చదివినట్టు ఆయన లెక్క. అరుగు మీద కూర్చుని, దారిన పోయేవాళ్లకు కూడా వినబడేలా చదివేవారు. చివర "కోడలిని అడిగినట్టు చెప్పగలరు" అని ఒక ముక్క ఉండేది. నా వంతు అంతే. జవాబు కూడా మామయ్యే రాసేవారు. నేను రాస్తానంటే, "నువ్వేం రాస్తవమ్మా, అందరం మంచిగున్నమని నేనే రాస్త" అనేవారు.

నేను ఆయనతో చెప్పాలనుకున్నది పెద్ద రహస్యమేమీ కాదు. నన్ను బొంబాయి తీసుకుపొమ్మని. ఒక్క గదైనా సరే, నీళ్లు పై అంతస్తుకు మోసుకోవాలన్నా సరే. పెళ్లయి మూడేళ్లయినా మా ఆయనకు ఏ కూర ఇష్టమో అత్తమ్మ చెబితేనే నాకు తెలిసేది. వాడకట్టు ఆడవాళ్లు కనబడినప్పుడల్లా "ఏమన్న విశేషమా" అని నా పొట్ట వంక చూసేవాళ్లు. విశేషం ఎక్కడి నుంచి వస్తుంది, పైనుంచి ఊడిపడుతుందా అని నోటి దాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఇది పెద్దల ముందు అడిగే మాట కాదు. మామయ్య చెవిన పడితే, కోడలు మమ్మల్ని వదిలించుకోవాలని చూస్తోందని అరుగు మీద కూర్చుని గల్లీ అంతటికీ వినిపిస్తారు. మా ఆయనను ఒంటరిగా పట్టుకుని అడగాలి. ఆ ఒక్కటే మా ఇంట్లో దొరకలేదు.

ఒకసారి వచ్చినప్పుడు, మా ఆయన బావి దగ్గర చేతులు కడుక్కుంటూ నాతో గబగబా అన్నారు. "కంపెనీల మాకు ఫ్రీ పాసులిస్తరు. ఇటలీ దాంక ఉన్నది. మనిద్దరం పోదం. పది దినాలు ఉండి వద్దం." నా చేతిలోని చెంబు జారి రాళ్ల మీద పడింది. ఇటలీలో ఏముందో నాకు తెలియదు. ఏమున్నా లేకపోయినా, ఉండడానికి ఒక గది ఇస్తారు, దానికి తలుపు ఉంటుంది, అంతవరకు నాకు అర్థమైంది.

చెంబు చప్పుడుకు అత్తమ్మ వచ్చింది. "ఏమైంది" అంది. మా ఆయనకు అబద్ధం చేతకాదు, చెప్పేశారు. సాయంత్రానికి మామయ్యకు తెలిసింది. ఆ పాసు తల్లిదండ్రులకు కూడా ఇస్తారా అని అడిగారు మామయ్య. "ఇస్తరు" అన్నారు మా ఆయన. ఆ ఒక్క ముక్కతో నా కర్మ కాలింది. "మరింకేంది, నలుగురం పోదం. ఆడమనిషిని తీస్కొని పరదేశం ఒక్కనివి ఎట్ల పోతవు" అన్నారు మామయ్య. మా ఆయన నా వైపు చూశారు. నేను పొయ్యి వైపు చూశాను.

ఆ పాసు సంగతి కూడా చెప్పాలి. ఉచితంగా ఇచ్చేది ఊరికే ఇవ్వరు. విమానంలో ఖాళీ ఉంటేనే మనకు సీటు. డబ్బు కట్టిన ప్యాసింజరు వస్తే మనం లేచి నిలబడాలి. మధ్యలో ఏ ఊళ్లో దిగమన్నా దిగాలి. ఇది మా ఆయన మామయ్యకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పినప్పుడల్లా మామయ్య, "మన ఎర్రబస్సుల కూడ గంతే కద" అనేవారు.

పాస్‌పోర్టుల కోసం, ఫోటోల కోసం, టీకా సూదుల కోసం హైదరాబాద్ తిరిగిన తిరుగుడు చెప్పను. తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు గుంజుతాయి. అవన్నీ అయ్యాక అసలు గొడవ వచ్చింది, ముహూర్తం దగ్గర.

శనివారం విమానం సగం ఖాళీగా పోతోందని మా ఆయన విచారించి పెట్టారు. అందులో నలుగురికీ సీట్లు ఖాయం. అది అందాలంటే శుక్రవారం పొద్దున మెదక్‌లో బస్సెక్కి హైదరాబాద్ చేరి, సాయంత్రం బొంబాయి రైలు పట్టుకోవాలి. మామయ్య పంచాంగం తీశారు. శుక్రవారం పడమటికి వారశూల. బొంబాయి పడమటే, ఇటలీ ఇంకా పడమట. శుక్రవారం గడప దాటేది లేదన్నారు. మా ఆయన తల పట్టుకున్నారు. అప్పుడు మామయ్యే ఉపాయం చెప్పారు. ప్రస్థానం పెడదామన్నారు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియ చూసుకుని, మన సామాను కొంత మూటగట్టి, పోయే దిక్కున ఉన్న వేరేవాళ్ల ఇంట్లో పెడతారు. మూట బయలుదేరితే మనిషి బయలుదేరినట్టే. తరువాత రెండు మూడు రోజుల్లో ఎప్పుడైనా ఆ మూట తీసుకుని పోవచ్చు, ఏ శూలా అంటదు. కాకపోతే ఒక షరతు ఉంది. మూట కదిలాక ఆ మనిషి మధ్యలో ఆగకూడదు, వెనక్కి రాకూడదు. బుధవారం మంచి ఘడియ దొరికింది. మామయ్య కొత్త తువ్వాలలో పసుపు కలిపిన బియ్యం, వక్కలు, తనదొకటి మా ఆయనదొకటి ధోవతి పెట్టారు. ప్రయాణానికి ఏది ముఖ్యమో అది మూటలో ఉంటేనే బలమని, తమ ఇద్దరి పాస్‌పోర్టులూ నలుగురి పాసులూ కూడా అందులోనే పెట్టి గట్టిగా ముడివేశారు.

"మరి మావి?" అని అడిగాను.

"ఆడోళ్లకు వేరే ఎందుకమ్మా. మా ఎంబడి వచ్చేటోళ్లేనాయె" అన్నారు.

ఒళ్లు మండింది. నా పాస్‌పోర్టూ అత్తమ్మ పాస్‌పోర్టూ నా చేతిసంచిలోనే ఉండిపోయాయి.

మా ఇంటికి పడమట ఉన్నది టీచరమ్మ ఇల్లు. మిషన్ బడిలో చదువు చెప్పే ఆవిడ, చర్చి మనిషి. ఇలాంటి పట్టింపులు ఆమెకు లేవు. అయినా పక్కింటి పెద్దాయన అడిగారని మూట తీసుకుని, పెట్టెలో పెట్టి తాళం వేసింది. మామయ్య ఆమె అరుగు మీద కూర్చుని శుక్రవారం పడమటి ప్రయాణం ఎంత చెడ్డదో, ఎవరెవరికి ఏమేం అయిందో అంతా వివరించి చెప్పారు. ఆమె అన్నిటికీ తలూపింది.

శుక్రవారం పొద్దున నలుగురం పెట్టెలతో, సద్దితో టీచరమ్మ ఇంటి ముందుకు పోయాం. తలుపుకు తాళం. ఎదురింటి ముసలమ్మ చెప్పింది, "టీచరమ్మ పొద్దుగాలనే అల్లాదుర్గ్ పోయింది. ఆడ చర్చోళ్ల సభలున్నయట. రేపు వస్తదట."

మామయ్య పరాయివాళ్ల ఇంటి తాళం ముట్టనివ్వలేదు. మా ఆయన ముట్టుకునే మనిషి కాదు. నన్ను వదిలితే ఆ తాళం నిమిషంలో పగలగొట్టేదాన్ని. చివరికి మా ఆయన అల్లాదుర్గ్ బస్సెక్కారు. మేం ముగ్గురం పెట్టెల మీద కూర్చున్నాం. మా ప్రయాణం సంగతి తెలిసిన గల్లీ అంతా ఒక్కొక్కరే వచ్చి, "ఇంక పోలేదా" అని అడిగి పోయారు.

అల్లాదుర్గ్‌లో ఏం జరిగిందో తరువాత మా ఆయనే చెప్పారు. పందిట్లో ప్రార్థన జరుగుతోందట. టీచరమ్మ ముందు వరసలో కళ్లు మూసుకుని ఉందట. ప్రార్థన అయ్యేదాకా ఆగారు. ప్రార్థన అయ్యాక పాట. పాట అయ్యాక ఒక పెద్దాయన మాట్లాడాడు. ఆయన అయ్యాక మళ్లీ ప్రార్థన. "ఒక సైగ చేస్తే అయిపోయేది కదా" అన్నాను. "దేవుని పని నడుస్తుంటె నడిమిట్ల ఎట్ల పోత" అన్నారు. మా ఆయన అలాంటి మనిషి. ఎవరి పనికీ అడ్డం పోరు. నా పని తప్ప.

టీచరమ్మ సభ వదిలిపెట్టి ఆయనతోనే వచ్చేసింది, పాపం. అప్పటికి పొద్దు గుంకింది. మూట తెచ్చి ఇస్తూ ఆమె అన్న మాటకు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ నాయినే చెప్పిండ్రు గదా, శుక్రవారం అడుగు బయట పెట్టొద్దని. మరి శుక్రవారం ఎట్ల పోతరు, శనివారం పోతరనుకున్న." ఆమె తప్పేముంది. శుక్రవారం మంచిది కాదంటే శుక్రవారం పోరనే ఎవరైనా అనుకుంటారు. మంచిది కాదని తెలిసి, మూట పెట్టి మరీ, శుక్రవారమే పోయే తెలివి మా ఇంటికే ఉంది.

శనివారం బయలుదేరాం. మామయ్య మొహం వెలిగిపోతోంది. "సూసిండ్రా, శుక్రవారం పోవద్దని దేవుడే ఆపిండు" అని బస్సులో పక్కవాళ్లకు కూడా చెప్పారు. మేం ఇంకా రైల్లో ఉండగానే ఆ ఖాళీ విమానం బొంబాయి నుంచి ఎగిరిపోయింది. తరువాతిది సోమవారం, అది కిక్కిరిసి పోతుందని మా ఆయనకు తెలుసు. తెలిసి కిక్కురుమనలేదు.

ఆదివారం బొంబాయిలో ఆయన స్నేహితుడి ఇంట్లో దిగాం. మా ఆయన ఉండే గది ఒకసారి చూస్తానన్నాను. నా ఆలోచన మీకు అర్థమయ్యే ఉంటుంది. దారిలో అయినా నాలుగు అడుగులు పక్కపక్కన నడుస్తాం కదా, అప్పుడు అడిగేద్దామని. "నేను గూడ వస్త, కొడుకు ఉండే జాగ చూడొద్దా" అని అత్తమ్మ చెప్పులు వేసుకుంది. ముగ్గురం పోయాం. మా మధ్యలో అత్తమ్మ నడిచింది. ఆ గదిని, మంచాల కింద పెట్టెలను, దండెం మీద ఆరేసిన ఎవరివో బనియన్లను చూసి వచ్చాం.

సోమవారం విమానాశ్రయంలో బెంచీ మీద పడిగాపులు పడ్డాం. అందరి పేర్లూ పిలుస్తున్నారు, మావి తప్ప. మామయ్య మూటను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, కింద పెడితే ప్రయాణం ఆగుతుందట. చివరికి తలుపులు మూసే ముందు పిలిచారు, పరుగులు పెట్టించి ఎక్కించారు. మామయ్యకు దిక్కు చూసుకోవడానికి కిటికీ కావాలి. ఆయన పక్కన అత్తమ్మ. ఆ పక్కన నేను. మా ఆయనకు నడిచే దారికి అవతలి సీటు దొరికింది. చేయి చాపితే అందేంత దూరం. ఇదే మంచి సమయమనుకున్నాను.

"ఇగో, మీతోని ఒక మాట చెప్పాలె" అన్నాను అటు వంగి.

"బిడ్డా, గీ బెల్టు జర విప్పు, కడుపుల పట్టేసింది" అంది అత్తమ్మ.

విప్పాను. మళ్లీ అటు వంగాను. చెవుల్లో దూది పెట్టమంది. పెట్టాను. మళ్లీ వంగాను. దూది తీయమంది, ఏమీ వినబడటం లేదట. మబ్బుల మీదికి వచ్చినా నాకూ మా ఆయనకూ మధ్య ఆ పాత చీర పరదా అలాగే ఉంది.

ఇంతలో భోజనం వచ్చింది. అందులో ఏ మాంసం కలిసిందోనని మామయ్య ముట్టలేదు. సద్దిమూట విప్పారు. జొన్నరొట్టె, చింతకాయ తొక్కు, ఉల్లిగడ్డ. ముందు వరసలో తెల్లదొరసాని ముక్కుకు రుమాలు పెట్టుకుంది. అంతటితో అయితే సరే. దక్షిణం మొహం పెట్టి తినకూడదు కదా. "ఇమానం మూతి ఎటున్నదో అడుగు" అని మా ఆయనను పురమాయించారు. మా ఆయన లేచి పోయి, భోజనాలు పెడుతున్న ఆ చదువుకున్న పిల్లను నిజంగానే అడిగి వచ్చారు. పడమటికి ఉందంది. మామయ్య తినడం మొదలుపెట్టారు. కాసేపటికి ఎండ ఇటు నుంచి అటు మారింది. మామయ్య ముద్ద ఆపి, "మళ్లొకసారి అడుగు" అన్నారు. నేను కళ్లు మూసుకున్నాను. నిద్ర కాదు, ఆ పిల్ల మొహం చూడలేక.

విమానం బీరూట్‌లో దిగింది. పెట్రోలు పోసుకుని పోవడమేనన్నారు. అందరితోపాటు మమ్మల్నీ కిందికి దింపి కూర్చోబెట్టారు. అక్కడి ఆఫీసు మనిషి కాగితం పట్టుకుని మా దగ్గరికే వచ్చాడు. మలయాళీ ఆయన, మా ఆయనకు బొంబాయిలో తెలిసినవాడే. పాపం నొచ్చుకుంటూనే చెప్పాడు. ఇక్కడ ఎక్కే ప్యాసింజర్లు ఎక్కువున్నారు, మీ నలుగురిలో ఇద్దరే పోగలరు, మిగతా ఇద్దరూ రేపటి విమానంలో పోవచ్చు, ఈ రాత్రికి మా సిబ్బంది దిగే హోటల్లో ఒక గది ఇప్పిస్తాను అని.

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మా, నాయినా, మీరు పోండ్రి. రోముల మా కంపెనీ ఆయన వచ్చి తీస్కపోతడు. మేమిద్దరం రేపు వస్తం" అన్నారు.

 ఇటలీ ఎవడికి కావాలి. బీరూట్ చాలు. ఒక్క రాత్రి, ఒక్క గది. ఆ మలయాళీ ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది.

మామయ్య మూట సర్దుకుని లేచారు. "గట్లెట్ల కుదురుతది. ప్రస్థానం పెట్టింది ఎవరి పేరు మీద? నా పేరు మీద, నీ పేరు మీద. మనిద్దరం నడిమిట్ల ఆగొద్దు. ఆడోళ్లకు మూట పెట్టలేదు గద, ఆగినా వాళ్లకు దోషం లేదు. ఒకరికొకరు తోడుంటరు. రేపు వస్తరు."

నేను మా ఆయన మొహంలోకి చూశాను. కాదనండి, ఒక్కసారి కాదనండి అని కళ్లతోనే చెప్పాను. ఆయనకు అర్థమైంది. అర్థమయ్యే తల దించుకున్నారు. "అట్లనే నాయినా" అన్నారు. మలయాళీ ఆయన మా నలుగురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఆయనకు ఏమీ బోధపడలేదు. మా ఇద్దరి పాసులు నా చేతికిచ్చి, మగవాళ్లిద్దరూ మూటతో సహా పోయి విమానం ఎక్కారు.

హోటల్ గది బాగుంది. తెల్లటి పక్కలు, కిటికీలోంచి సముద్రం. ఆ గదికి తలుపు ఉంది. లోపల గడియ కూడా ఉంది. గడియ పెట్టి వెనక్కి తిరిగితే ఎదురుగా అత్తమ్మ.

ఆవిడ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని కాసేపు సముద్రం చూసింది. తరువాత నన్ను చూసింది. "ఏమన్న మాట్లాడు బిడ్డా" అంది.

అంతే, నాకు మూడేళ్లది ఒక్కసారిగా పొంగుకొచ్చింది. "ఏం మాట్లాడాలె అత్తమ్మా. మీ కొడుకుతోని ఒక్క మాట మాట్లాడనిచ్చిండ్రా మీరు? నేను నోరు తెరిస్తె చాలు బిందె అంటరు, పాలు అంటరు, పిల్లి అంటరు. ఇమానంల గూడ విడిచిపెట్టలేదు" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. అత్తమ్మ ముందు నేనలా మాట్లాడటం అదే మొదలు.

ఆవిడకు కోపం రాలేదు. "పిల్లి లేదు" అంది.

నేను వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వేం అడుగుతవో నాకెరుక. బొంబాయి తీస్కపొమ్మని అడుగుతవు. వచ్చిన తెల్లారి నుంచే ఎరుక. నువ్వు అడిగితె వాడు కాదనడు. అందుకే నిన్ను అడగనియ్యలె" అంది.

"ఎందుకు?"

"నువ్వు పోతె నేను మీ మామతోని ఒక్కదాన్నే ఉండాలె."

"ఉంటే ఏమైతది? మామయ్య ఏమన్న కొడతరా?"

"కొట్టడు. ఇంత బతుకుల ఒక్కనాడు కొట్టలె. మాట్లాడడు."

నేను ఏదో అనబోయాను. ఆవిడ చేత్తో ఆపింది. "ఊరందరితోని మాట్లాడుతడు. నాతోని మాట్లాడడు బిడ్డా. నా పెండ్లయిన కాడి నుంచి గంతే. నీళ్లు అంటడు, బట్టలు అంటడు. పోయి తెచ్చిస్త. పిల్లగాడు చిన్నగున్నప్పుడు వానితోని మాట్లాడుకున్న. వాడు బొంబాయి పోయిండు. అప్పుడు నాకు నోరున్నదా లేదా అని నాకే అనుమానమొచ్చేది. ఒకసారి ఆకిట్ల కూసొని గంపతోని మాట్లాడుతుంటె టీచరమ్మ చూసింది. నువ్వొచ్చినంక బిందె అన్న, పాలు అన్న, నువ్వు ఊకొట్టినవు. గందుకే నిన్ను పోనియ్యలె."

నాకు కోపం పోలేదు. పోయిందని చెబితే అబద్ధం. నా మూడేళ్లు తీసుకుంది మరి. కానీ ఆవిడ చెప్పింది నిజమా కాదా అని వెతుక్కుంటే, అదీ నిజమే. వారశూల గురించి టీచరమ్మకు అంతసేపు వివరించిన మనిషి, బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్లతో దేవుడి సంగతి మాట్లాడిన మనిషి, పక్కనే కూర్చున్న అత్తమ్మతో దారి పొడుగునా అన్న మాట ఒక్కటి కూడా నాకు గుర్తుకు రాలేదు. మూడేళ్లు ఆ ఇంట్లో ఉండి నేను చూడనిది అది.

"నేను అడుగుత అత్తమ్మా. మీరు ఏమనుకున్న సరే, అడుగుత" అన్నాను.

ఆవిడ మంచం దిగింది. పొద్దుపోయేదాకా కిటికీ దగ్గరే కూర్చుంది. నేను దుప్పటి ముసుగు పెట్టుకుని పడుకున్నాను, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకుని.

మర్నాడు రోము చేరాం. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, ఎవరూ దిగమనలేదు. మా ఆయన వచ్చి రైల్వేస్టేషన్ పక్క సందులో ఒక లాడ్జికి తీసుకుపోయారు. రెండు గదులు తీసుకున్నారు. ఒకటి మగవాళ్లకట, ఒకటి ఆడవాళ్లకట. మామయ్య ఏర్పాటు. ఇంక నాకు నవ్వు కూడా రాలేదు.

పొద్దుగూకే వేళ కింద భోజనాల గదిలో నలుగురం కూర్చున్నాం. టమాట పులుసు పోసిన లావుపాటి సేమ్యా పెట్టారు. మాంసం లేదని మా ఆయన వంటింటి దాకా పోయి అడిగి వచ్చాక మామయ్య తినడానికి ఒప్పుకున్నారు. మేం రాకముందు పొద్దున చూసి వచ్చిన పాత కోటల గురించి చెబుతున్నారు, కూలిపోయిన రాళ్లు చూడటానికి ఇంత దూరం ఎందుకు, మన మెదక్ ఖిల్లా దీనికంటే మంచిగున్నది అని. చెబుతున్నది మా ఆయనకు, నాకు.

ఇక ఒంటరిగా దొరకడం అన్నది ఈ జన్మకు లేదని నాకు తేలిపోయింది. అందరి ముందే అడిగేద్దాం, అయ్యేది అవుతుంది అనుకున్నాను. చేతిలోని చెంచా బల్ల మీద పెట్టి, మా ఆయన వైపు తిరిగి, "మీతోని ఒక మాట అడగాలె" అన్నాను.

"జర ఆగు బిడ్డా" అంది అత్తమ్మ.

పరదేశంలో, పరాయివాళ్ల ముందు, నిన్న అంతా చెప్పుకున్నాక కూడా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.

అత్తమ్మ నన్ను చూడలేదు. కొడుకును చూసింది. "ఇంటికి పోయినంక పిల్లను బొంబాయి తీస్కపో. ఒక అర్ర చూస్కో. పెండ్లయినోళ్లు వేరే వేరే ఉండుడేంది" అంది.

మా ఆయన అమ్మను చూశారు, నన్ను చూశారు, తండ్రిని చూశారు. "చూస్త అమ్మా" అన్నారు. తండ్రిని అడగను కూడా అడగలేదు. ఆయనకూ ఆ కోరిక ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

మామయ్య తినడం ఆపారు. "తీస్కపోతె తీస్కపోనీ. మరి మీ అమ్మ ఇంట్ల ఒక్కతె ఉంటదా?" అన్నారు మా ఆయనతో.

"ఒక్కదాన్ని ఎట్లయిత. మీరున్నరు గద" అంది అత్తమ్మ.

 మామయ్య పళ్లెంలోకి చూసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు" అన్నారు. ఉప్పు బుడ్డి ఆయన చేతి పక్కనే ఉంది. అత్తమ్మ లేచి, బల్ల చుట్టూ తిరిగి పోయి, అది తీసి ఆయన చేతికిచ్చింది.